ఎసిడిటీ జబ్బు ఎంతమందికి ఉంది, ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ? తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాతీలో మంట రానివాళ్లు అరుదు. వచ్చినా దాన్ని జబ్బుగా లెక్కేసేవాళ్లు ఇంకా అరుదు. మందుల షాపులో ఒక మాత్ర కొనుక్కుని మింగేస్తాం, సంగతి మర్చిపోతాం. అందుకే ఈ జబ్బు గురించి అంకెల కంటే అపోహలే ఎక్కువగా తిరుగుతుంటాయి. పదేపదే వినిపించే ప్రశ్నలకు సమాధానాలివి.

ఎసిడిటీ, గుండెల్లో మంట, రిఫ్లక్స్, జీఈఆర్‌డీ... ఇవన్నీ ఒకటేనా?

మాటల్లో కలిసిపోయాయి గానీ, ఒకటి కాదు. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం రిఫ్లక్స్. అలా ఎగదన్నినప్పుడు రొమ్ము ఎముక వెనకాల పుట్టే మంటని గుండెల్లో మంట అంటాం, గుండెకీ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా. ఇది మనిషిని ఇబ్బంది పెట్టే దాకా వచ్చినా, అన్నవాహికని దెబ్బతీసినా అప్పుడు జబ్బు అంటారు. డాక్టరు చీటీలో కనిపించే జీఈఆర్‌డీ (గ్యాస్ట్రో ఈసోఫేజియల్ రిఫ్లక్స్ డిసీజ్) అదే. ఇక ఎసిడిటీ అన్నది మనం అన్నిటికీ వాడేసే మాట. పొట్ట ఉబ్బరం, పుల్లటి తేన్పులు, అల్సర్ నొప్పి, అన్నీ ఆ ఒక్క మాటలోకే వెళ్లిపోతాయి. ఇక్కడ మాత్రం ఎసిడిటీ జబ్బు అంటే జీఈఆర్‌డీ అనే అర్థం.

అప్పుడప్పుడూ మంట వస్తే జబ్బు ఉన్నట్టేనా?

కాదు. రిఫ్లక్స్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ రోజూ అవుతుంది, వాళ్లకి తెలియదంతే. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, అన్నవాహికలో పీహెచ్‌ని (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 24 గంటల పాటు కొలిచే పరీక్ష ఒకటుంది. అందులో పీహెచ్ 4 కంటే కిందికి పడిపోయిన సమయం మొత్తంలో 4 శాతం లోపు ఉంటే మామూలే అంటారు. లెక్క కట్టి చూడండి: రోజుకి దాదాపు గంటసేపు ఆమ్లం పైకి వచ్చి పోతున్నా మామూలే! 6 శాతం దాటితే, అంటే సుమారు గంటన్నర, అప్పుడది జబ్బే. మధ్యలో ఉన్నది ఎటూ తేలని ప్రాంతం.

అందరికీ గొట్టం వేసి చూడలేరు కాబట్టి సర్వేల్లో వేరే కొలత వాడతారు. వేర్వేరు దేశాల నిపుణులు కలిసి రాసుకున్న, 2006లో వచ్చిన మాంట్రియల్ నిర్వచనం ప్రకారం తేలికపాటి లక్షణాలు వారానికి 2 రోజులో అంతకంటే ఎక్కువో వస్తే, లేదా గట్టి లక్షణాలు వారానికి ఒక రోజు మించి వస్తే అది లెక్కలోకి వస్తుంది. పెళ్లి భోజనం తర్వాత ఒక రాత్రి మండితే అది జబ్బు కాదు.

సరే, ప్రపంచంలో ఎంతమందికి ఉంది?

సుమారు ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరికి. వేర్వేరు దేశాల సర్వేలన్నిటినీ కలిపి 2018లో వేసిన ఒక లెక్కలో, వారానికి కనీసం ఒకసారి లక్షణాలు వచ్చేవాళ్లు 13.3 శాతం అని తేలింది. 2020లో వచ్చిన మరో లెక్క 13.98 శాతం అంది. జనాభాతో గుణిస్తే వంద కోట్ల పైమాటే. రెండు వేర్వేరు బృందాలు విడివిడిగా వేసిన లెక్కలు ఇంత దగ్గరగా వచ్చాయి కాబట్టి ఈ అంకెని నమ్మొచ్చు అనుకుంటాను.

ఒక్కో చోట ఒక్కో అంకె చదివాను. ఏది నిజం?

అన్నీ నిజమే కావచ్చు. ఆ 2018 లెక్కలోనే చైనాలో 2.5 శాతం ఉంటే గ్రీసులో 51.2 శాతం ఉంది. ఇరవై రెట్ల తేడా! పొరుగు ఖండంలోని మనుషుల కడుపులు మరీ అంత వేరుగా ఉండవు కదా. కొంత తేడా నిజమైనదే. అంతకుముందు వచ్చిన మరో సమీక్షలో ఉత్తర అమెరికాలో 18 నుంచి 28 శాతం, ఐరోపాలో 9 నుంచి 26 శాతం, తూర్పు ఆసియాలో 3 నుంచి 8 శాతం దాకా కనిపించింది. బరువులో, వయసులో, అలవాట్లలో ఉన్న తేడాలు ఇందులో ఉన్నాయి.

మిగతాది ప్రశ్న అడిగిన తీరులో ఉంది. "ఈ ఏడాదిలో ఎప్పుడైనా మంట వచ్చిందా" అంటే సగం మంది చెయ్యెత్తుతారు. "వారానికి రెండుసార్లు వస్తోందా" అంటే ఆ చేతుల్లో చాలా దిగిపోతాయి. పైగా 'హార్ట్‌బర్న్' అన్న మాటకి సరిగ్గా సరిపోయే పదం లేని భాషలు చాలా ఉన్నాయి. ఆ మాటని మక్కీకి మక్కీ తర్జుమా చేసి అడిగితే, ఉన్నవాళ్లు కూడా లేదనే అంటారు. కాబట్టి ఎక్కడైనా ఒక శాతం కనిపిస్తే ముందు అడగాల్సింది ఒక్కటే: వారానికి ఎన్నిసార్లు వస్తే లెక్కలో వేసుకున్నారు?

నా కడుపులో ఆసిడ్ ఎక్కువగా తయారవుతోంది కాబట్టే ఇలా అవుతోందా?

అందరూ అనుకునేది ఇదే. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ జీఈఆర్‌డీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆమ్లం మోతాదు మామూలుగానే ఉంటుంది. ఉండాల్సిన చోట ఉండకపోవడమే చిక్కు.

అన్నవాహిక కడుపుతో కలిసే చోట మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున ఒక కండరం బిగుసుకుని ఉంటుంది. మనం మింగినప్పుడు వదులై, ముద్ద కిందికి జారగానే మళ్లీ బిగుస్తుంది. దాని చుట్టూ, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రమ్ కండరం ఇంకో పట్టీలా పట్టి ఉంచుతుంది. తలుపుకి రెండు గడియలు వేసినట్టు. అయితే కడుపులో చేరిన గాలి బయటికి పోవాలి కదా, అందుకని మింగకపోయినా ఈ కండరం అప్పుడప్పుడూ తనంతట తాను వదులవుతుంది. తేన్పు అలాగే వస్తుంది. గాలితో పాటు ఆమ్లం కూడా పైకి వచ్చేస్తే అదే రిఫ్లక్స్. పొట్ట నిండా తిన్నాక ఇలా వదులవడం ఎక్కువవుతుంది. పైగా భోజనం తర్వాత కొత్తగా ఊరిన ఆమ్లం కొంత ఆహారంతో కలవకుండా పైన తేలుతూ, ఆ తలుపు పక్కనే నిలబడి ఉంటుంది.

ఈ ఒక్క బొమ్మ మనసులో పెట్టుకుంటే, ఎవరికి రిస్కు ఎక్కువో మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. తలుపుని వదులు చేసేది ఏదైనా, కింది నుంచి నెట్టేది ఏదైనా, పైకొచ్చిన ఆమ్లాన్ని త్వరగా కడగనివ్వనిది ఏదైనా రిస్కే.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందా?

వాళ్లకే అని కాదు, వాళ్లకి ఎక్కువగా వస్తుంది. అన్ని అధ్యయనాల్లోనూ గట్టిగా నిలబడిన రిస్కు బరువే. స్థూలకాయం ఉన్నవాళ్లకి లేనివాళ్లతో పోలిస్తే అవకాశం సుమారు 1.7 నుంచి 2 రెట్లు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పదివేల మందికి పైగా అమెరికన్ నర్సుల మీద జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) మామూలు హద్దులోనే ఉన్నా, మునుపటి కంటే 3.5 పాయింట్లకు మించి పెరిగిన ఆడవాళ్లకి తరచూ లక్షణాలు వచ్చే అవకాశం 2.8 రెట్లు కనిపించింది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఆ 3.5 పాయింట్లంటే దాదాపు 9 కిలోలు. "నేనేం లావు కాదు కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు. నిన్నటి మీకంటే ఈరోజు మీరు ఎంత పెరిగారన్నది కూడా ముఖ్యమే.

నా విషయంలో ఇది బయటపడింది షూ లేసుల దగ్గర. పొద్దున టిఫిన్ చేసి, కుర్చీలో కూర్చుని, లేసు కట్టుకోవడానికి వంగేవాణ్ని. ఎడమ షూ అయ్యేసరికి గొంతులోకి పుల్లటి నీళ్లు. లేచి నిలబడి రెండు గుటకలు నీళ్లు తాగితే పోయేది. బెల్టు ఒక రంధ్రం వెనక్కి జరిగి ఏడాదైందని అప్పటికి పట్టించుకోలేదు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, వంగినప్పుడు కడుపుని టూత్‌పేస్ట్ ట్యూబులా నొక్కుతుంది. అందుకే తూకం కంటే నడుము చుట్టుకొలతే ఈ జబ్బుకి దగ్గరి చుట్టం.

సన్నగా ఉన్నాను. నాకెందుకు వచ్చింది?

ఒక కారణం హయాటస్ హెర్నియా కావచ్చు. డయాఫ్రమ్‌లో అన్నవాహిక దిగే కంత వదులై, కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జారుతుంది. రెండు గడియలు ఒకే చోట ఉండాల్సింది, ఒకటి పైకీ ఒకటి కిందికీ విడిపోతాయి. వయసుతో పాటు ఇది ఎక్కువవుతుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. వేరే పనికి ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం వేసి లోపల చూసే పరీక్ష) చేయించుకుంటే రిపోర్టులో కనిపిస్తుంది. సిగరెట్, వాడే మందులు, రాత్రి భోజనం చేసే వేళ కూడా చూసుకోండి. వాటి సంగతి కింద ఉంది.

వయసు మీద పడితేనే వస్తుందా?

ఏ వయసులోనైనా వస్తుంది. 50 దాటినవాళ్లలో కాస్త ఎక్కువ. పెద్దవాళ్లలో ఒక చిక్కుంది: అన్నవాహికకి దెబ్బ ఎక్కువగా ఉన్నా మంట తక్కువగా తెలియొచ్చు. కాబట్టి "ఇప్పుడు ఇదివరకంత మంట లేదు" అని 70 ఏళ్లాయన అంటే దాన్ని శుభవార్తగానే తీసుకోనక్కర్లేదు.

ఆడవాళ్లకి ఎక్కువా, మగవాళ్లకి ఎక్కువా?

మంట, పుల్లటి తేన్పులు ఇద్దరిలోనూ ఇంచుమించు సమానమే, ఆడవాళ్లలో ఇసుమంత ఎక్కువ. అన్నవాహిక పుండు పడటం, ఆ తర్వాత వచ్చే ముదిరిన సమస్యలు మాత్రం మగవాళ్లలోనే ఎక్కువ.

గర్భంతో ఉన్నప్పుడు మంట ఎందుకంత సాధారణం?

ప్రొజెస్టిరాన్ హార్మోను ఆ తలుపు కండరాన్ని వదులు చేస్తుంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి కడుపుని పైకి నెడుతుంది. రెండూ కలిసి వస్తాయి కాబట్టి సుమారు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ మందికి ఏదో ఒక దశలో మంట ఉంటుంది. కాన్పు అయ్యాక చాలామందికి దానంతటదే పోతుంది. ఏ మాత్రైనా, ఆఖరికి యాంటాసిడ్ సిరప్పైనా, డాక్టరుని అడిగే వాడాలి.

పసిబిడ్డ తాగిన పాలు కక్కుతోంది. ఇది కూడా ఆ జబ్బేనా?

చాలావరకు కాదు. నాలుగు నెలల వయసులో మూడింట రెండొంతుల మంది పిల్లలు రోజూ కక్కుతారు. ఏడాది నిండేసరికి చాలా కొద్దిమందే మిగులుతారు. కక్కినా నవ్వుతూ, ఆడుతూ, బరువు పెరుగుతుంటే తుడుచుకోవడానికి గుడ్డ దగ్గర పెట్టుకుంటే చాలు. బరువు పెరగకపోయినా, ఆకుపచ్చగా గానీ రక్తంతో గానీ కక్కినా, దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకున్నా, పాలు తాగనని మొరాయించినా పిల్లల డాక్టరుకి చూపించండి. రెండు మూడు నెలల లోపు పిల్లల విషయంలో రేపు చూద్దాం అనుకోకండి.

కారం, కాఫీ, పులుపు... వీటివల్లే వస్తుందా?

ఇంట్లో మొదటి తిట్లు వీటికే పడతాయి. కానీ వీటి మీద ఆధారాలు మనం అనుకున్నంత బలంగా లేవు. కారం ఆమ్లాన్ని పైకి తోయదు. అన్నవాహికలోని నరాలని చురుక్కుమనిపిస్తుంది. అప్పటికే ఒరిసిపోయిన చోట అది ఇంకా మండుతుంది. కాఫీ, చాక్లెట్, పుదీనా, పుల్లటి పండ్లు, టమాటా కొందరికి పడవు, కొందరికి ఏమీ చేయవు. అన్నీ ఒకేసారి మానేసి చప్పిడి తిండితో నెలంతా ఏడవడం వృథా ప్రయాస. ఒక్కోటి రెండు వారాలు ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడండి. తేడా తెలిస్తే మానండి, లేకపోతే హాయిగా తినండి.

నా లెక్కలో ఏం తిన్నామన్నదాని కంటే ఎంత తిన్నాం, ఎప్పుడు పడుకున్నాం అన్నవే పెద్దవి. కొవ్వు ఎక్కువున్న భారీ భోజనం కడుపులోంచి మెల్లగా కదులుతుంది. తిన్న గంటకే పడుకుంటే ఆమ్లం జారడానికి వాలు కూడా అక్కర్లేదు. పైగా నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది, గుటకలు మింగడం తగ్గిపోతుంది. పగలైతే ప్రతి గుటకా పైకొచ్చిన ఆమ్లాన్ని కడిగేస్తుంది. రాత్రి రెండింటికి దగ్గుతో ఉలిక్కిపడి లేచి, మంచం అంచున కూర్చుని, గొంతులో చేదుని మింగుతున్నవాళ్లకి జరిగేది ఇదే: ఆమ్లం వచ్చింది, కడిగే నాథుడు లేడు.

సిగరెట్, మందు?

సిగరెట్ తలుపు కండరాన్ని వదులు చేస్తుంది, లాలాజలాన్ని తగ్గిస్తుంది, దగ్గు తెప్పించి కింది నుంచి నెడుతుంది. మూడు వైపుల నుంచీ నష్టమే. మద్యం మీద అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు, కానీ తాగిన రాత్రి మండుతోందంటే మీ ఒంటి సాక్ష్యం చాలు.

వేరే జబ్బులకి వాడే మాత్రల వల్ల కూడా వస్తుందా?

వస్తుంది. దీన్ని చాలామంది డాక్టరుతో చెప్పనే చెప్పరు. మందులు రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. బీపీకి వాడే కాల్షియం చానల్ బ్లాకర్లు, ఛాతీనొప్పికి వాడే నైట్రేట్లు, ఆస్తమాకి వాడే థియోఫిలిన్, డిప్రెషన్‌కీ నరాల నొప్పికీ వాడే అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు తలుపుని వదులు చేస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, డాక్సీసైక్లిన్, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రొనేట్ నేరుగా లోపలి పొరని ఒరిపిస్తాయి. బరువు, షుగరు తగ్గడానికి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి కాబట్టి కొందరికి వాటితోనూ రిఫ్లక్స్ వస్తుంది.

వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపేయకండి. బీపీ మాత్ర ఆపడం మంట కంటే ప్రమాదం. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించండి, మార్చే వీలుంటే ఆయనే మారుస్తారు. ఇక ఏ మాత్రనైనా నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకోవడం మన చేతిలో పనే.

మా నాన్నకి ఉంది. నాకూ వస్తుందా?

రావచ్చు. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ జబ్బులో జన్యువుల వాటా సుమారు మూడో వంతు అంటున్నాయి. మిగతా రెండొంతులు మన చేతల్లో, పరిస్థితుల్లో ఉన్నట్టే.

టెన్షన్ వల్ల వస్తుందా?

టెన్షన్ ఆమ్లాన్ని పైకి తోస్తుందని గట్టిగా చెప్పలేం. అది చేసేది మరొకటి: అదే కాస్త ఆమ్లం, టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎక్కువ మండినట్టు తెలుస్తుంది. నిద్ర చాలకపోయినా అంతే. కాబట్టి "అంతా నీ మనసులోనే ఉంది" అనేవాళ్ల మాట తప్పు. మంట నిజంగానే ఉంది, దాని గొంతు పెరిగింది.

ఇంకా ఏ జబ్బులున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి?

షుగరు చాలాకాలంగా ఉండి కడుపు కదలిక మందగించినవాళ్లు, స్క్లిరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లు, బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ (కడుపులో చాలా భాగం తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు, అకలేషియాకి (తలుపు కండరం వదులవని జబ్బు) ఆ కండరం కోసే చికిత్స అయినవాళ్లు. ఆస్తమాకీ రిఫ్లక్స్‌కీ మధ్య రాకపోకలు రెండు వైపులా ఉంటాయి, ఏది ముందన్నది తేల్చడం కష్టం.

హెచ్. పైలోరీ బ్యాక్టీరియా దీనికి కారణమా?

కాదు. అది అల్సర్‌కి కారణం.

ఎండోస్కోపీ నార్మల్ అన్నారు. మరి జబ్బు లేనట్టేనా?

తొందరపడకండి. రిఫ్లక్స్ లక్షణాలున్నవాళ్లలో ఎక్కువమందికి, 60 నుంచి 70 శాతం దాకా, ఎండోస్కోపీలో పుండు కనిపించదు. మంట నిజం, పొర మామూలుగా ఉంది, అంతే. మందులకి తగ్గకపోతే మొదట్లో చెప్పిన 24 గంటల పీహెచ్ పరీక్ష అసలు సంగతి తేలుస్తుంది.

ఇది క్యాన్సర్‌కి దారితీస్తుందా?

ఎక్కువమందికి తీయదు. ఏళ్ల తరబడి రిఫ్లక్స్ ఉండి పరీక్ష చేయించుకున్నవాళ్లలో వందకి సుమారు 5 నుంచి 15 మందిలో, ఆమ్లం దెబ్బకి అన్నవాహిక కింది పొర తన స్వభావం మార్చుకుని పేగు పొరలా తయారవుతుంది. 1950లో దీని మీద రాసిన బ్రిటిష్ సర్జన్ నార్మన్ బారెట్ పేరుతో దీన్ని బారెట్స్ ఈసోఫేగస్ అంటారు. కణాల్లో ముదిరే మార్పులు లేని బారెట్స్ క్యాన్సర్‌గా మారడం ఏడాదికి వెయ్యిమందిలో ఐదుగురికంటే తక్కువే.

అయితే మింగుతుంటే ముద్ద అడ్డుపడినట్టున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, రక్తహీనత ఉందని తేలినా, వాంతులు ఆగకపోయినా మాత్రలతో రోజులు నెట్టకుండా వెంటనే చూపించుకోవాలి.

ఇది ఎసిడిటీయా, గుండెపోటా? ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని కచ్చితంగా తేల్చే దారి లేదు. ఛాతీని పిండినట్టు నొప్పి, అది దవడకో భుజానికో చేతికో పాకడం, చెమటలు, ఆయాసం, మెట్లెక్కితే ఎక్కువై ఆగితే తగ్గడం గుండెవైపు వేలు చూపిస్తాయి. ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, వృద్ధుల్లో గుండెపోటు ఉత్త ఎసిడిటీ లాగే రావచ్చు. యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి గుండెపోటు కాదు అనుకోవడం కూడా తప్పే. అనుమానం వస్తే అంబులెన్సుకి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో ఈసీజీ తీసి "ఎసిడిటీయే, ఇంటికి వెళ్లండి" అంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నా చేతిలో ఉన్నవి ఏమిటి?

పొట్ట తగ్గించడం మొదటిది. సిగరెట్ మానడం రెండోది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచడం, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, మంచం తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టడం రాత్రి మంట ఉన్నవాళ్లకి బాగా పనిచేస్తాయి. రెండు దిండ్లు వేసుకోవడం వేరు, మంచం ఎత్తడం వేరు. దిండ్లతో నడుము దగ్గర మడత పడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. డాక్టరు ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్ర రాస్తే, దాన్ని తిన్నాక కాదు, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. "ఈ మాత్ర నాకు పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది తప్పు వేళకి వేసుకుంటున్నవాళ్లే.

నాకు మంట ఏమీ లేదు. కానీ పైన చెప్పిన రిస్కుల్లో మూడు నాలుగు ఉన్నాయి. పరీక్ష చేయించుకోవాలా?

ఈ జబ్బు కోసమైతే అక్కర్లేదు. ఏళ్ల తరబడి లక్షణాలుండి, వాటితో పాటు మగవాళ్లై ఉండటం, 50 దాటడం, స్థూలకాయం, పొగతాగే అలవాటు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో బారెట్స్ గానీ అన్నవాహిక క్యాన్సర్ గానీ ఉండటం లాంటివి మూడో అంతకంటే ఎక్కువో కలిసొస్తే, ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోమని డాక్టర్లు సలహా ఇస్తారు. లక్షణాలే లేనప్పుడు ఆ డబ్బు ఎండోస్కోపీకి ఖర్చుపెట్టకండి. ఇంట్లో కొలత టేపు ఉంటే తీసి, నడుముకి ఒకసారి చుట్టి చూసుకోండి.